పళ్ళెములోని చెట్టుతో ఆదిలాబాదు ప్రయాణము

గత పుష్యమాసమున నేను కరీంనగరమునుండి ఆదిలాబాదునకు పోయి నాలుగు దినములుండి వచ్చితిని. అచ్చట మా చెల్లెలున్నది. దానిని చూచి రెండేండ్లయినది. కాని అంతటి చలిలో బయలుదేరుటకు అసలు కారణము నా యొడిలో నుండెను. అది జానెడెత్తు చెట్టు. లోతులేని పింగాణి కుండీలో, మూడు కొమ్మలతో, నడుము వంగిన ముదుసలివలె ఒక ప్రక్కకు ఒరిగి యుండును. దాని ఆకులు సూదులవలె సన్నములు. ఆ సూదులు పసుపుబాఱినవి. ఏల పసుపుబాఱినవో తెలిసికొనుటకే పోయితిని.

ఇట్టి చెట్లను బోన్సాయి యందురు. పళ్ళెములో నాటినదని ఆ జపాను మాటకు అర్థము. విద్య చైనాలో పుట్టినది, జపానులో పెరిగినది. 1923లో భూకంపము టోక్యో నగరమును పాడుచేసినపుడు, అచ్చట ఈ చెట్లను పెంచి బ్రతుకువారు కొందఱు మంచి నేలయు మంచి నీరును వెదకుకొని నగరము విడిచిపోయి, 1925లో ఓమియా యనుచోట ఒక పల్లెనే కట్టుకొనిరి. అది నేటికిని బోన్సాయి పల్లెయే. మా చెట్టు జునిపరు జాతిది. ఈ జాతిలో పెక్కు చలిదేశములవి. హిమాలయములపై, లడాకువంటి చోట్ల దీని బంధువులు పెరుగును. అచ్చటివారు ఆ ఆకుతో ధూపము వేయుదురు. మన వైద్యగ్రంథములలో హపుష యను పేర నున్న ఔషధము ఈ జాతి కాయలే యని తెలిసినవారు చెప్పుదురు. ఇంతకు మించి దానికిని మన కరీంనగరపు ఎండలకును చుట్టఱికము లేదు.

బెంగుళూరులో ఉద్యోగము చేయుచుండిన మా అమ్మాయి ఆ చెట్టును కొని మూడేండ్లు పెంచినది. బెంగుళూరు ఎత్తుమీది యూరు. ఆ గాలి దానికి సరిపడినది. గత చైత్రమున అమ్మాయియు అల్లుడును విదేశమునకు పోవుచు దానిని తెచ్చి నా చేతిలో పెట్టిరి. "అమ్మా, దీన్ని నువ్వే చూసుకోవాలె. ఎవరికీ ఇయ్యకు" అని అమ్మాయి రెండుమార్లు చెప్పినది. ఆడపిల్లను సాగనంపుట మనము చేయుపనియే. పోవు పిల్ల తాను పెంచినదానిని పుట్టింట విడిచిపోవుట నాకు క్రొత్త.

ఇక నేను చేసిన పోషణను చెప్పెదను. సోదరీమణులు నవ్వినను సరే. ఎండకు వాడునని భయపడి దానిని దేవుని గూటి ప్రక్కన, కిటికీకి దూరముగా పెట్టితిని. తులసికి పోసినట్లే ప్రతి యుదయమును చెంబెడు నీరు పోసితిని. కుండీ క్రింది తట్టలో నీరు నిలిచినచో, దానికి కడుపు నిండినదని సంతోషించితిని. మా బోరునీరు ఉప్పునీరు. కుండీ అంచున తెల్లని పొర కట్టినది. దానిని గూడ తడిగుడ్డతో తుడిచి, ఏల వచ్చినదని విచారింపనైతిని. వైశాఖ జ్యేష్ఠములు గడచినవి. బయట వేపచెట్టు సహితము ఎండకు సొమ్మసిల్లినట్లుండ నా చెట్టు పచ్చగానే యుండెను. మా వీధిలో నావంటి నేర్పరి లేదనుకొంటిని.

శ్రావణమున లోపలి సూదులు కొన్ని పసుపెక్కినవి. మఱికొంత నీరు పోసితిని. భాద్రపదమున ఒక కొమ్మ సగము పసుపైనది. ఎరువు వేసితిని. పిమ్మట అది మఱింత చెడినది.

ఇరుగుపొరుగువారి సలహాలకు కొదువ లేదు. ఒకామె మజ్జిగ పోయుమనెను. ఒకామె మరుగుజ్జు చెట్టు ఇంట నున్నచో సంసారము ఎదుగదని, వెంటనే ఏటిలో కలుపుమని చెప్పెను. ఈ మాట మీరును వినియుందురు. సంసారము ఎదుగుట చెట్టు పొడవునుబట్టి యుండునేని అడవి ప్రక్క పల్లెలన్నియు ఐశ్వర్యముతో తులతూగవలసినవే గదా. మఱియొకామె, చెట్టును ఎదుగనీయక కత్తిరించుట పాపమని మందలించెను. ఆ మాటలో కొంత న్యాయము కలదేమో యని చాలదినము లాలోచించితిని. మన ముంగిట మల్లెను కత్తిరించుటయు, గోరింటను దడిగా పెంచుటయు నదియే గాని వేఱు కాదని తోచినది. కత్తిరించుటలో తప్పు లేదు. కత్తిరించి పట్టించుకొనకుండుటలో కలదు. నా విషయమున పట్టించుకొనుటయే యెక్కువైనదని అప్పటికి తెలియదు.

ప్రతి ఆదివారము రాత్రి అమ్మాయి ఫోను తెఱపై కనబడి మాటాడును. చివర, "చెట్టు చూపించమ్మా" అనును. నేను కుండీని త్రిప్పి పచ్చని వైపు చూపుదును. మొదట ఏ వైపైనను చూపదగి యుండెను. తరువాత ఒక వైపు మాత్రమే. దసరా నాటికి వెనుకనున్న యొక కొమ్మ కొన మాత్రము మిగిలినది. దానినే దగ్గఱగా చూపి, దీపమును కొంచెము దూరము జరిపి, మాట మార్చుచుంటిని. నోటితో అబద్ధమాడలేదు గదా యని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని. ఆ సమాధానముతో నిద్ర పట్టుట లేదు.

కార్తీకమున వనభోజనములకు ఎలగందులకు పోయితిమి. కరీంనగరమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, మానేటి ఒడ్డున, గుట్టమీద నున్న కోట అది. ఒకనాడు జిల్లాకే ఎలగందుల యని పేరు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున కచేరీలు కరీంనగరమునకు తరలినవి. కోటలో చూడదగినవి గుట్టపైని రెండు మీనారుల మసీదు మొదలైనవి చాల కలవు. నేను చూచినది ఒక గోడను. రెండు రాళ్ళ సందున ఒక రావి మొలచినది. మోచేతి పొడవు లేదు, కాని దాని మ్రాను ముదిరి, ముడతలు పడి, ఎన్నియేండ్లదో చెప్పరాకుండ నున్నది. దానికి మన్నెక్కడిది? నీరు పోసినవా రెవ్వరు? వేసవి అంతయు ఆ రాయి పెనమువలె కాగును. మా అక్క మనుమడు దానిని పీకబోయి లాగలేక విడిచెను. వేరు రాతిలోనికి దిగి యున్నది. ఎన్నటికైనను ఆ గోడను కూల్చునది అదియే. మన కోటలకు ఫిరంగులకంటె రావిచెట్లు ఎక్కువ శత్రువులు. ఉసిరిచెట్టు నీడను అందఱును భోజనములు చేయుచుండ నేను ఆ గోడవైపే చూచుచుంటిని. ఇంట దేవుని ప్రక్కన కూర్చుండి చెంబెడు నీరు త్రాగుచు నా చెట్టు చచ్చుచున్నది. ఇచ్చట ఎవరును చూడని చెట్టు బ్రతుకుచున్నది.

ఆ రాత్రి చెల్లెలితో చెప్పుకొంటిని. "అక్కా, దాన్ని పట్టుకొని రా. ఇక్కడ చలి మంచిగుంటది. మీ మరిది చూస్తడు" అన్నది. మా మరిది వ్యవసాయశాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడు.

పుష్యమున గాని వీలుపడలేదు. అద్దె కారులో మావారును నేనును తెల్లవాఱుజామున బయలుదేరితిమి. జగిత్యాల దాటి ధర్మపురిలో గోదావరికి నమస్కరించి, రాయపట్నపు వంతెనమీదుగా ఏఱు దాటితిమి. ఏటికి ఇవతల పూర్వపు కరీంనగరము జిల్లా, అవతల పూర్వపు ఆదిలాబాదు జిల్లా. 2016లో ఈ రెండును చిన్న జిల్లాలుగా విడిపోయినవి గాని, మావంటివారి నోట ఇంకను పాతపేళ్ళే.

లక్సెట్టిపేట దాటి జన్నారము చేరునప్పటికి రెండు వైపుల టేకు అడవి. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల రక్షితవనమైన కవ్వాలు అడవి ఇదియే. నాకు పులి కనబడలేదు. నాకు కనబడినది పసుపు. కొండలపొడుగునను టేకాకులు విస్తళ్ళంతేసి పసుపై, గోధుమవన్నెయై, గాలి లేకున్నను ఒక్కొక్కటిగ చప్పుడుతో రాలుచున్నవి. నా యొడిలోని చెట్టును చూచుకొని, ఈ అడవికంతయు నా చెట్టు రోగమే తగిలినదా యనుకొంటిని.

టీ త్రాగుటకు ఆగినచోట ఆ దుకాణపు ముసలమ్మ నా కుండీని చూచి, "ఏం చెట్టమ్మా గది?" అని యడిగెను. ఆకు పసుపైనదని చెప్పితిని. ఆమె అడవివైపు చేయి చూపి, "ఎండలు రాకముందే ఆకు దులుపకుంటె చెట్టెట్ల బతుకుతదమ్మా? వానకు మల్ల అదే వస్తది" అన్నది. ఆమె చెప్పినది టేకు విషయమున నిజమే. నేలలో నీరు తగ్గు కాలమున పెద్దయాకుల చెట్టు ఆ యాకులనుండి నీటిని పోగొట్టుకొనజాలదు. కనుక ముందుగనే రాల్చి, బోడిగా నిలిచి వేసవిని గడుపును. మోదుగు ఆ బోడితనమునందే పూయును, ఇప్పయు నట్లే. మన అడవిలో పసుపు విశ్రాంతికి గుర్తు. ఆ ధైర్యముతో కారెక్కితిని. జునిపరు మన అడవి చెట్టు కాదని ఆ నిమిషమున మఱచితిని.

ఉట్నూరు దారిలో తెల్లని వస్త్రములు ధరించి, తలపాగలు చుట్టి, పాదరక్షలు లేక వరుసగా నడచు గోండులు కనబడిరి. మెస్రం వంశమువారు వారు. పుష్య అమావాస్యకు కేస్లాపురమున జరుగు నాగోబా జాతరకు వారు గోదావరి జలము తేవలెను. జన్నారము మండలములో కలమడుగునొద్ద హస్తినమడుగు కలదు; అచ్చట నీరు ముంచి, పలుదినములు కాలినడకను మోసికొనివచ్చి, కేస్లాపురములో మఱ్ఱిచెట్ల క్రింద బస చేసి, ఆ నీటితో దేవుని అభిషేకింతురు. ఆ వంశమున క్రొత్తగా వచ్చిన కోడండ్రను దేవుని కెఱుకపఱచు ఆచారము గూడ నప్పుడే జరుగును. దానిని భేటింగు అందురు. మావారు కారు ఆపించి వారికి దారి యిప్పించిరి. ఒక్క పాత్ర నీటికొఱకు అంత నడక. నేను ఎనిమిది నెలలుగా తలంపు లేక చెంబులు గ్రుమ్మరించుచుంటిని.

సాయంకాలమునకు ఆదిలాబాదు చేరితిమి. తెలంగాణములో చలికి పేరుపడిన చోటు అది. శీతకాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు దిగుట అచ్చట వింత గాదు. చెల్లెలు వాకిట నెగడు వేసి మా కొఱకు చూచుచుండెను. మరిది చెట్టును చూచెను గాని ఆ రాత్రి ఏమియు ననలేదు. దానిని మిద్దెపై మంచులో పెట్టించెను. నాకు మనసొప్పక శాలువ కప్పబోగా చెల్లెలు నవ్వి నా చేయి పట్టుకొన్నది.

మఱునాడుదయము మిద్దెపై వైద్యము మొదలైనది. మరిది తెల్లకాగితమును కొమ్మ క్రింద పట్టి కొమ్మను మెల్లగా తట్టెను. కాగితముపై కదలు చుక్కలేవైన పడునాయని చాలసేపు చూచెను. ఎఱ్ఱనల్లి పట్టినచో సూదులు పొడిచినట్లు చుక్కలుచుక్కలుగ పాలిపోవునట. కాగితముపై పడిన పురుగును వ్రేలితో రాచిన ఎఱ్ఱని గీత పడునట. ఎండకాలపు పొడిగాలిలో అది ఎక్కువ. మా చెట్టుకు నల్లి లేదు. తరువాత అగరువత్తి పుల్ల నొకదానిని మట్టిలో గ్రుచ్చి కొంతసేపుంచి తీసెను. పుల్ల పైనుండి క్రిందివఱకు తడిసి నల్లనైనది.

"వదినె, నీళ్ళు ఎప్పుడెప్పుడు పోస్తరు?"

"రోజూ పోస్తనే ఉన్న."

"రోజూ పోసుడే దీని రోగం."

నేను మాటాడలేదు. ఆయన కుండీనుండి చెట్టును మట్టితో సహా మెల్లగా పెకలించెను. అడుగున వేళ్ళు నల్లనై, మెత్తనై, పట్టుకొన్న పొర ఊడివచ్చుచుండెను. మురుగువాసన కొట్టినది. వేళ్ళకు నీరెంత యవసరమో గాలియు నంత యవసరము. ఎల్లప్పుడు తడిసియున్న మట్టిలో గాలికి చోటు లేక వేరు కుళ్ళును. వేరు కుళ్ళినపిదప చుట్టు నీరున్నను చెట్టు దానిని త్రాగజాలదు. కనుక ఆకు దాహముతోనే పసుపగును. మనము దాహమనుకొని మఱింత నీరు పోయుదుము.

"కాని జ్యేష్ఠం దాక పచ్చగనే ఉండె గద?" అని యడిగితిని.

అందుకాయన చెప్పినది నేను మఱువలేను. ఈ జాతి చెట్టులో పచ్చదనమును నమ్మరాదట. మన చెట్లకు నీరందకున్న నాటికి నాడే ఆకు వ్రాలి మనకు తెలియజేయును. జునిపరు సూది మైనము పూసినట్టి గట్టి యాకు. వేరు చచ్చిన తరువాత గూడ వారములకొలది పచ్చగానే నిలుచును. అది పసుపగుట జరిగిపోయినదానికి వచ్చిన యాలస్యపు వార్త. నేను వీధిలో గర్వించిన దినములలోనే క్రింద వేళ్ళు కుళ్ళుట మొదలైనది.

పసుపంతయు నొక్కటి కాదని గూడ ఆయన విడమఱచెను. మ్రానునకు దగ్గఱగా, లోపలివైపున ముసలి సూదులు ఏటేట కొన్ని పసుపై రాలుట సహజము, అందుకు భయపడరాదు. కొనలు చెడుట మొదలైన భయపడవలెను. నీరు చాలనిచో సూదులు పెళుసై గోధుమరంగున పొడియగును. నీరెక్కువైనచో వెలవెలబోయి పసుపెక్కును. వెలుతురు లేని గదిలో నున్నచో లోపలి కొమ్మలు బలహీనమై మొదట చచ్చును. నా చెట్టుకు ఈ తుదిరెండును కలిసినవి. ఉప్పునీరును, జబ్బులో వేసిన ఎరువును పైచెయి యైనవి. జ్వరముతో నున్నవానికి పిండివంటలు పెట్టుదుమా యని చెల్లెలు నన్ను దెప్పినది.

బ్రతికియున్నదో లేదో తెలిసికొను పద్ధతి చాల సులువు. కొమ్మపై బెరడును గోటితో మెల్లగా గీఱవలెను. క్రింద పచ్చని తడిపొర యుండిన ప్రాణమున్నది. గోధుమవన్నెతో ఎండియుండిన లేదు. మరిది నన్నే గీఱుమనెను. నా చేయి వణకినది. వెనుకనున్న కొమ్మ పచ్చగా నున్నది. ఎడమకొమ్మ మొదట పచ్చ, కొనకు ఎండు. ముందరి కొమ్మ, అన్నిటికంటె పెద్దది, ఎంతదూరము గీఱినను ఎండే. సూదులన్నియు పోయిన కొమ్మ మరల చిగిర్చుట జునిపరులో లేదట. వానకు మల్ల వస్తదన్న జన్నారపు ముసలమ్మ మాట అచ్చట నాకు తీఱిపోయినది.

తిరిగి నాటుటకు అది తగిన కాలమే. శీతము తగ్గుచు క్రొత్త చిగురు రాకముందు నాటవలెను. కుళ్ళిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో కోసివేసి, మంచి వేళ్ళ మట్టిని పూర్తిగా దులుపక కొంత నుంచిరి. పూర్తిగా కడిగివేసిన ఈ జాతి తట్టుకొనలేదట. ఆదిలాబాదు చుట్టుప్రక్కల ప్రత్తి పండు నల్లరేగడి మెండు; కుండీకి అది విషము, నీటిని పట్టి విడువదు. ప్రక్కయింటి కట్టడమునొద్ద నుండి చిన్నకంకర తెచ్చి, జల్లెడపట్టి దుమ్మును పాఱబోసి, గింజలవంటి రాతిముక్కలు రెండు పాళ్ళు, బొగ్గుముక్కలు కొన్ని, మాగిన ఆకుమట్టి ఒక పాలు కలిపిరి. "ఇది మీ కరీంనగరం రాయేనేమో వదినె" అని మరిది నవ్వెను. మా యూరి గ్రానైటు దేశదేశములకు పోవుచున్నది. గుట్టలు తఱుగుచుండుట చూచి మేము నిట్టూర్చుట గూడ మామూలే. ఆ రాతిపొడిలో నా చెట్టు వేరూనవలెనని నేనెన్నడును ఊహింపలేదు. ఎలగందుల గోడలోని రావి జ్ఞాపకము వచ్చినది.

కుండీలో నిలుపునపుడు మరిది చెట్టును ఇటునటు త్రిప్పి చూచి, ప్రతి బోన్సాయికి ముఖమొకటి యుండునని, చూచువారివైపు వంగియున్నట్లుండు ప్రక్కయే ముఖమని, మీ చెట్టుకు ఎండిన పెద్దకొమ్మయే ముఖమున నున్నదని చెప్పెను. దానిని కోసివేయుదురని నేను తలదించుకొంటిని. ఆయన కోయలేదు. బెరడు వలిచి, తెల్లని కఱ్ఱను మాత్రము నిలిపెను. జపానువారు జునిపరులో ఎండిన కొమ్మను దాచరట. వలిచి, గంధకము సున్నము కలిపిన ద్రావకము పూసి ఎముకవలె తెల్లగా నిలుపుదురట. కొండలపై పిడుగులకు మంచుకు ఎండిన చెట్లు అట్లే నిలుచును గదా.

రోగి చెట్లకు మనవారు చేసిన వైద్యముల ముచ్చట ఆ మధ్యాహ్న భోజనమువేళ వచ్చినది. మహబూబునగరు దగ్గఱి పిల్లలమఱ్ఱి మనలో చాలమంది చూచినదే. మూడెకరములకు పైగా ఊడలు దించిన చెట్టు. దానికి చెదలు పట్టి 2017 చివర ఒక పెద్దకొమ్మ విఱిగినది. 2018లో అధికారులు రోగులకు ఎక్కించు సెలైను సీసాలవలె సీసాలు వ్రేలాడదీసి, చెదలమందును చుక్కచుక్కగా మ్రానులోనికి ఎక్కించిరి. అంత చెట్టుకును చుక్కచుక్కగానే మందు.

చెట్టును ఆదిలాబాదులోనే విడిచిపొమ్మని చెల్లెలు బలవంతము చేసినది. రెండు దినము లాలోచించితిని. శివరాత్రి దాటిన చలి పోవును. వేసవిలో ఆదిలాబాదు మా కరీంనగరమునకు ఏమియు తీసిపోదు. ఆ మాటకు వచ్చిన, పోషణ తెలిసినవారి యింట నుండుటయే మేలు. కాని "ఎవరికీ ఇయ్యకు" అన్న మాట ఒకటి, చెడగొట్టినదానిని మఱియొకరి చేతిలో పెట్టి చేతులు దులుపుకొనుట యెట్లన్న తలంపు ఒకటి. తీసికొనియే బయలుదేరితిని.

తిరుగుదారి నేరేడిగొండ వైపు. అచ్చట కుంటాల జలపాతము. కడెము వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుండి దుముకును. రాష్ట్రములోని ఎత్తైన జలపాతములలో ఇది యొకటి. శకుంతల పేరిట ఆ పేరు వచ్చినదని స్థానికుల మాట. మెట్లు చాల కలవు; మోకాళ్ళనొప్పులున్నవారు దిగకముందే ఎక్కుట గుఱించి తలంచుట మంచిది. పుష్యమున నీరు తగ్గి, నల్లని రాళ్ళ నడుమ తెల్లని పాయలుగా పడుచుండెను. ఆ తుంపర తగులు రాతినెఱ్ఱెలలో జువ్వి మొక్కలు. అవి దినమంతయు తడిసియే యున్నవి, అయినను పచ్చగా నున్నవి. నీరు నిలుచుట లేదు; వచ్చినది వచ్చినట్లు జాఱిపోవుచున్నది. మరిది పది మాటలలో చెప్పినది ఆ రాతిపై ఒక్కచూపులో తెలిసినది.

నిర్మలలో బొమ్మల దుకాణమున కొంతసేపు నిలిచితిమి. పొణికి యను మెత్తని తేలికకఱ్ఱతో, చింతగింజల పిండి పూతతో చేయు పండ్లు, పక్షులు మన యిండ్ల గాజుబీరువాలలో నున్నవే. ఆ పొణికిచెట్టు చుట్టుపట్ల అడవులలో అరుదైపోయినదని, కఱ్ఱకొఱకు దూరము పోవలసివచ్చుచున్నదని పనివారు చెప్పిరి. మనుమరాలికొక చిలుకను కొంటిని. సోను వంతెనపై మరల గోదావరిని దాటి, ఆర్మూరు, మెట్పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా రాత్రికి ఇల్లు చేరితిమి.

ఇప్పుడు చెట్టు తూర్పుగోడపై ఆరుబయట నున్నది. ఉదయపుటెండ తగులును, ఎండలు ముదిరిన మధ్యాహ్నము నీడవల కట్టించుటకు నాలుగు వెదుళ్ళు తెప్పించితిని. ప్రొద్దున పూజకు ముందు అగరువత్తి పుల్ల గ్రుచ్చి చూతును. పైమట్టి ఆఱి, పుల్ల లేతగా మాత్రమే తడిసిననాడు నీరు. అడుగు రంధ్రమునుండి కాఱువఱకు పోసి మఱల ముట్టను. తట్టను తీసివేసితిని. బోరునీరు మానివేసి, వాననీరు పట్టుటకు మిద్దెపై తొట్టె పెట్టించితిని. వాన వచ్చువఱకు మంచినీరు. ఎరువు మాటే లేదు.

వచ్చిన ఆదివారము రాత్రి అమ్మాయి ఫోను చేసినది. "చెట్టు చూపించమ్మా" అన్నది. ఈమాఱు కుండీని ముఖమువైపు త్రిప్పి, దీపము దగ్గఱకు జరిపి చూపితిని. తెల్లని ఎండుకొమ్మ, సగము పోయిన ఎడమకొమ్మ, వెనుక కొంత పచ్చ. అమ్మాయి కొంతసేపు పలుకలేదు. నేను చెప్పదలచిన మాటలన్నియు గొంతులో నిలిచినవి.

"దసరాకే తెలుసమ్మా నాకు" అన్నది తుదకు. "రోజూ నాకు దాని వీపు చూపిస్తుంటివి. ముందటి కొమ్మ ఎప్పుడూ కనబడలే."

"మరి అడుగలేదేమే?"

"నువ్వు చెప్తవని."

తరువాత నీరు ఎన్నాళ్ళకొకసారి పోయుచున్నావని యడిగినది. పుల్ల సంగతి చెప్పితిని. కంకర సంగతియు, కుంటాల సంగతియు చెప్పితిని. చిలుకబొమ్మను చూపితిని. ఫోను పెట్టుటకు ముందు, ఎడమకొమ్మ మొదట ఏదో లేతపచ్చగా కనబడుచున్నది, చూడుమన్నది. కండ్లద్దములు పెట్టుకొని చూచితిని. ఆవగింజలో సగమంత కొన యొకటి కలదు. అది చిగురో, పాత సూది మిగిలినదో ఆ దీపమువెలుతురున తేలలేదు. తెల్లవాఱినపిదప చూచి చెప్పెదనంటిని.